కల్చర్‌లో లక్ష దాటిందని అమ్మగారికి ఇంజెక్షన్లు పెట్టించాలా?

ముందు మీరు అడిగింది కుదించి రాస్తాను, మిగతావాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. మీ అమ్మగారికి 78 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక్కరే ఉంటారు, పగలు పనమ్మాయి తోడుంటుంది, మీరు బెంగళూరులో. మూడు నెలలుగా యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఎప్పుడు చేయించినా ఈ.కోలై అనే క్రిమి, మిల్లీలీటరుకి లక్షకు పైన అని వస్తోంది. యాంటీబయాటిక్స్‌లో ఆఫ్లాక్సాసిన్ అయింది, సెఫిక్సిమ్ అయింది, నైట్రోఫ్యురాంటాయిన్ కూడా అయింది. మంట లేదంటున్నారు, జ్వరం లేదు, వాసన మాత్రం వస్తోందని పనమ్మాయి చెప్పింది. పోయిన వారం ఒకరోజు తికమకగా మాట్లాడి మర్నాటికి తేరుకున్నారు. ఈసారి రిపోర్టులో ఈఎస్‌బీఎల్ (కొన్ని మందులకి లొంగని రకం క్రిమి) అని ఉంది కాబట్టి అడ్మిట్ చేసి పది రోజులు మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎక్కించాలని డాక్టరుగారు అన్నారు. పెట్టించాలా వద్దా, అసలు ఇది పూర్తిగా పోయే దారి ఏంటి అన్నది మీ ప్రశ్న.

నేను మైక్రోబయాలజిస్టుని. విజయవాడలోనే చాలా ఏళ్ళుగా కల్చర్ ప్లేట్లు చదువుతున్నాను, మీ చేతిలో ఉన్న కాగితం కింద సంతకం పెట్టేది నాలాంటివాళ్ళే. అందుకే ఆ కాగితం ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలను. మందు రాయాల్సింది మాత్రం అమ్మగారిని కళ్ళారా చూసిన డాక్టరే, నేను రాసింది ఆయనతో మాట్లాడటానికి పనికొస్తే చాలు.

సూటిగా చెప్పాలంటే: జ్వరం, చలి, మంట, నడుం పక్కన నొప్పి ఏవీ లేకుండా మనిషి మామూలుగా తిని తిరుగుతుంటే, కేవలం ఆ రిపోర్టు కోసం మెరోపెనెమ్ పెట్టించే అవసరం మామూలుగా రాదు. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారి మూత్రంలో క్రిములు ఉన్నాయి, కానీ అవి ఆవిడకి జబ్బు చేస్తున్నట్టు కనపడటం లేదు. దీన్ని డాక్టర్లు అసింప్టొమాటిక్ బ్యాక్టీరియూరియా అంటారు. పెద్ద వయసులో ఇది ఎంత మామూలంటే, ఎనభై దగ్గర పడిన ఆడవాళ్ళకి, ఏ బాధా లేనివాళ్ళకి, ఊరికే కల్చర్ చేస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి పాజిటివ్ వస్తుంది. వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్ళలో ఇంకా ఎక్కువ, పావు వంతు నుంచి సగం మంది దాకా. మూత్రానికి పైపు వేసి నెల దాటినవాళ్ళలో అయితే దాదాపు అందరికీ వస్తుంది. వీళ్ళందరికీ మందులు వాడటం మొదలుపెడితే అంతే సంగతులు.

ఆ "లక్ష" ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే లక్ష అనగానే జనానికి గుండె జారిపోతుంది. ల్యాబ్‌లో మేం మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే పట్టే చిన్న తీగ లూపుతో మూత్రాన్ని ప్లేటు మీద గీస్తాం. మర్నాడు దాని మీద నూరు చుక్కలు పెరిగితే మిల్లీలీటరుకి లక్ష అని రాస్తాం. ఈ లక్ష లెక్కని 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టరు తేల్చారు. కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన ఆడవాళ్ళ మూత్రాన్ని, మామూలువాళ్ళ మూత్రాన్ని పోల్చి, శాంపిల్ పట్టేటప్పుడు చర్మం మీద నుంచి పడిన క్రిములకీ నిజంగా మూత్రాశయంలో ఉన్న క్రిములకీ తేడా పట్టుకోవడానికి పెట్టిన గీత అది. అంటే క్రిములు లోపలివా, బయటివా అన్నంతవరకే ఆ అంకె చెబుతుంది, జబ్బు ఉందా లేదా అన్నది దాని పని కాదు. నిజమైన మంటతో వచ్చిన మనిషికి పదివేలే రావచ్చు, హాయిగా పత్తి వత్తులు చేసుకుంటున్న మామ్మగారికి లక్ష రావచ్చు.

పస్ సెల్స్ (చీము కణాలు) గురించి కూడా అడుగుతారు, "మేడమ్, పస్ సెల్స్ ముప్ఫై ఉన్నాయి" అని. బాధ లేని పెద్దవాళ్ళలో క్రిములు ఉంటే పస్ సెల్స్ కూడా చాలామందిలో ఉంటాయి, కాబట్టి అవి ఉన్నాయని మందు మొదలుపెట్టక్కర్లేదు. అవి అసలు లేకపోతే మాత్రం ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం బాగా తక్కువ, దానికి పనికొస్తాయి. వాసన, మడ్డిగా ఉండటం కూడా నమ్మదగ్గ గుర్తులు కావు. నీళ్ళు తక్కువ తాగినా వాసనే, ముందురోజు మెంతికూర తిన్నా వాసనే, డైపర్ ఆలస్యంగా మార్చినా వాసనే.

శాంపిల్ సంగతి. ఇది మా వైపు నుంచి నా గోడు. పొద్దున ఆరింటికి పనమ్మాయి డబ్బాలో పట్టించి బల్ల మీద పెడుతుంది, తొమ్మిదింటికి ల్యాబ్ కుర్రాడు బండి మీద వచ్చి తీసుకుంటాడు, ఇంకో పది ఇళ్ళు తిరిగి పదకొండింటికి ల్యాబ్‌కి తెస్తాడు. మే నెలలో బెజవాడలో! ఎండలో బయట పెట్టిన పాలు ఏమవుతాయో ఇదీ అంతే, ఈ.కోలైకి వెచ్చదనం దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. పట్టిన గంట, రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి (అవును, ఇంట్లో వాళ్ళు మొహం చిట్లిస్తారు, కవర్లో చుట్టి ఒక మూల పెట్టండి). ముందు మామూలు నీళ్ళతో కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది పట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి, చేయి వణికే మనిషికి ఇది తేలిక కాదు, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. రిపోర్టులో మూడు రకాల క్రిములు కలిసి పెరిగాయి అని ఉంటే అది దాదాపుగా శాంపిల్ పట్టడంలో తేడానే, దానికి మందు అడక్కండి, మళ్ళీ పట్టించండి. ఇంకోటి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక ఇచ్చిన శాంపిల్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు, ముందే ఇవ్వాలి.

ఇప్పుడు ఈఎస్‌బీఎల్. పేరు భయంకరంగా ఉంటుంది గానీ విషయం ఇది: సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఆ క్రిమి దగ్గర ఉందని అర్థం. క్రిమి మందుకి లొంగదు అన్నంతే, మిగతా ఈ.కోలై కంటే ఎక్కువ జబ్బు చేస్తుందని కాదు. మన దేశంలో ఈ.కోలైలో ఇది ఇప్పుడు చాలా మామూలు, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కూడా చాలా శాంపిల్స్‌లో పనిచేయడం లేదు. మన పేగుల్లోనే అవి కాపురం ఉంటాయి, అక్కడినుంచి మూత్రమార్గంలోకి వస్తాయి. మీ అమ్మగారికి వరసగా ఆఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ పడ్డాయి కదా, ఆ మందులకి లొంగేవి చచ్చి లొంగనివి మిగిలాయి. నాలుగో కోర్సుకి ఇంకా మొండివి మిగులుతాయి, రేపు నిజంగా కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ పాకి ఒళ్ళంతా చలితో వణికిన రోజున వాడటానికి మందు ఉండదు. మెరోపెనెమ్ ఆ రోజు కోసం దాచుకోవాల్సిన మందు. రిపోర్టులో మెరోపెనెమ్ పక్కన ఎస్ అని ఉంటే అది పనిచేస్తుందని మేం చెప్పినట్టు, అది వాడమని చెప్పినట్టు కాదు. ఒకవేళ అమ్మగారికి మూత్రాశయం వరకే ఉన్న నిజమైన ఇన్‌ఫెక్షన్ అని తేలినా, ఈఎస్‌బీఎల్ ఈ.కోలై మీద కూడా నైట్రోఫ్యురాంటాయిన్ మాత్రలు, ఫాస్ఫోమైసిన్ పొడి (3 గ్రాములు, నీళ్ళలో కలిపి ఒక్కసారి తాగేది) చాలావరకు పనిచేస్తాయి, ఇంజెక్షన్ దాకా వెళ్ళక్కర్లేదు. కాకపోతే ఈ రెండూ మూత్రాశయం వరకే, జ్వరం వచ్చి కిడ్నీ దాకా పాకితే వీటిని నమ్ముకోకూడదు. నైట్రోఫ్యురాంటాయిన్ వాడేముందు రక్తపరీక్షలో క్రియాటినిన్ చూసుకోవాలి, కిడ్నీ పనితనం, అంటే ఈజీఎఫ్ఆర్, 30 కంటే తక్కువుంటే వాడరు.

షుగరు ఉంది కదా, వదిలేస్తే కిడ్నీలు పాడవవా అని మీరు అడగబోతున్నారు. ఈ ప్రశ్న మీదే కెనడాలో షుగరున్న ఆడవాళ్ళని తీసుకుని, ఏ బాధా లేకుండా కల్చర్ పాజిటివ్ ఉన్నవాళ్ళలో సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రెండేళ్ళ పైన చూశారు, 2002లో ఫలితాలు వచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళకి తర్వాత ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు, యాంటీబయాటిక్స్ మాత్రం బోలెడు ఎక్కువ మింగారు. 2019లో అమెరికా ఇన్‌ఫెక్షన్ స్పెషలిస్టుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా షుగరున్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి, పైపు ఉన్నవాళ్ళకి బాధ లేకపోతే కల్చర్ చేయొద్దు, చేసి పాజిటివ్ వచ్చినా మందు వాడొద్దు అనే ఉంది. మందు వాడాల్సింది గర్భిణులకి, ఇంకా మూత్రమార్గంలో గొట్టం పెట్టి ప్రోస్టేట్ లాంటి ఆపరేషన్ చేయబోయే ముందు. మీ అమ్మగారు ఈ రెండిట్లోనూ లేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "మంట లేదు" అని మీకు చెప్పింది ఎవరు? అమ్మ ఫోన్లో కొడుక్కి చెప్పిందా? చెప్పదండీ. మన ఇళ్ళలో డెబ్భై దాటిన తల్లి కొడుకుతో ఒంటికి వెళ్తే మంటగా ఉందనో, కింద పొడిబారి గీరుకుపోతోందనో, గర్భసంచి జారి బయటికి తగులుతోందనో చచ్చినా చెప్పదు, "వేడి చేసిందిలేరా, సబ్జా గింజలు తాగుతున్నా" అంటుంది అంతే. మీ ఆవిడనో, అక్కనో, లేదా ఆ పనమ్మాయినో అడగమనండి. సూటిగా అడగాలి: మంట ఉందా, మామూలుకంటే ఎక్కువసార్లు వెళ్ళాల్సి వస్తోందా, ఆపుకోలేక బాత్‌రూమ్ దాకా వెళ్ళేలోపే పడుతోందా, పొత్తికడుపులో నొప్పి ఉందా, ఎర్రగా ఏమైనా వస్తోందా. ముఖ్యంగా, ఇవి కొత్తగా మొదలయ్యాయా, ఏళ్ళ నుంచీ ఉన్నాయా. పదేళ్ళుగా రాత్రి నాలుగుసార్లు లేస్తున్న మనిషి నాలుగుసార్లు లేవడం గుర్తు కాదు, రెండు రోజుల నుంచి గంటకోసారి పరిగెడుతుంటే అది గుర్తు. ఇవన్నీ లేవని తేలితేనే నేను పైన రాసింది వర్తిస్తుంది. కొత్తగా మంట మొదలై ఉంటే కథ మారిపోతుంది, అప్పుడు ఆ కల్చర్ చూసి సరైన మందు ఐదు రోజులు వాడటం న్యాయమే.

మంట ఉన్నంత మాత్రాన కూడా ఇన్‌ఫెక్షనే అనుకోవద్దు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి అక్కడి చర్మం పలచబడి ఎండిపోతుంది, మూత్రం తగిలితే చురుక్కుమంటుంది. మన జిల్లాల్లో ముప్ఫై, నలభై ఏళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు బోలెడుమంది, అండాశయాలు కూడా తీసేస్తే ఈ ఎండిపోవడం ఇంకా ముందే మొదలవుతుంది. ఇంకోటి షుగరు మాత్రలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు చాలామందికి రాస్తున్నారు, మంచి మందులే, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి, కానీ అవి షుగరుని మూత్రంలోకి పంపిస్తాయి కాబట్టి కింద ఫంగస్ వచ్చి దురద, మంట పుడతాయి. దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా ఫంగస్ ఇంకా పెరుగుతుంది. అమ్మగారి మాత్రల చీటీలో వీటి పేరు ఉందేమో చూడండి.

ఇక ఆ తికమక. నిజం చెప్పాలంటే మీరు రాసిన మొత్తంలో నన్ను కంగారు పెట్టింది అదొక్కటే, కల్చర్ కాదు. పెద్దవాళ్ళు హఠాత్తుగా తికమకగా మాట్లాడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే, పగలు మత్తుగా పడుకుని రాత్రి లేచి తిరిగితే దాన్ని డెలీరియం అంటారు, పాతవాళ్ళు సంధి అనేవారు. ఇది కనపడగానే మన దగ్గర యూరిన్ టెస్ట్ పంపడం అలవాటైపోయింది, ఐదుగురిలో ఒకరికి ఎలాగూ పాజిటివ్ వచ్చేదే కాబట్టి దొంగ దొరికాడని ఫైలు మూసేస్తారు. అసలు కారణం లోపలే ఉండిపోతుంది. మూత్రం ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా పాకినప్పుడు తికమక వస్తుంది, కాదనను, కానీ అప్పుడు జ్వరమో, బీపీ పడిపోవడమో, మంటో, నడుం పక్క నొప్పో తోడుంటాయి. అవేవీ లేని తికమకకి ముందు వేరే కారణాలు వెతకాలనీ, మనిషిని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలనీ నేను పైన చెప్పిన 2019 మార్గదర్శకాల్లోనే ఉంది.

విజయవాడలో ఒక్కరే ఉండే 78 ఏళ్ళ ఆవిడకి ఏ కారణాలు ఉంటాయి? మొదట సోడియం, అంటే రక్తంలో ఉప్పు పడిపోవడం. బీపీ ఉందని ఉప్పు మానేసి చప్పిడి కూరలు తింటారు, బీపీ మాత్రలో ఉప్పుని మూత్రంలోకి తోసే హైడ్రోక్లోరోథయాజైడో క్లోర్‌థాలిడోనో కలిసి ఉంటుంది (మాత్ర పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే చాలాసార్లు అదే), పైనుంచి ఎండాకాలం చెమట, చప్పటి నీళ్ళు మాత్రమే తాగడం, సోడియం 135 నుంచి దిగిపోతూ 120ల్లోకి వచ్చేస్తుంది, మనిషి తికమకపడతారు. రెండోది షుగరు పడిపోవడం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఏకాదశి అనో సోమవారం అనో ఉపవాసం ఉంటే చాలు. ఆఫ్లాక్సాసిన్ రకం మందులు కూడా షుగరు మాత్రలతో కలిస్తే షుగరు పడిపోయేలా చేయగలవు, వాటంతట అవే పెద్దవాళ్ళలో తికమక పుట్టించగలవు, కాలి మడమ దగ్గర నరంలా ఉండే కండరపు తాడు తెగేలా కూడా చేస్తాయి, అందుకే పెద్దవాళ్ళకి మంటకి మొదటి మందుగా వాటిని వాడటం నాకు ఇష్టం ఉండదు. మూడోది మలబద్ధకం, చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ నాలుగు రోజులు విరేచనం కాకపోతే పేగు మూత్రాశయాన్ని నొక్కి మూత్రం ఆగిపోతుంది, ఆ బాధకి మనిషి కలవరపడతారు. ఇంకా జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్. బాత్‌రూమ్‌లో జారిపడి తలకి దెబ్బ తగిలి ఎవరికీ చెప్పకపోవడం. నొప్పి తెలియని గుండెపోటు, న్యుమోనియా. కాబట్టి ఈ వారంలోనే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళి సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు, ఒక ఈసీజీ, బీపీ పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా చూపించండి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసి తీసుకెళ్ళండి, చీటీ కాదు, మాత్రలే. ఒకరోజులో తేరుకున్నారు కదా అని ఊరుకోకండి.

ఆ డాక్టరుగారిని ఇంకోటి అడగండి: మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోంది? అల్ట్రాసౌండ్‌లో రెండు నిమిషాల పని, పోస్ట్ వాయిడ్ రెసిడ్యూ అని రిపోర్టులో రాస్తారు. నూట యాభై మిల్లీలీటర్లు దాటి మిగులుతుంటే అక్కడే క్రిములు నిలవుంటాయి, ఎన్ని కోర్సులు వాడినా తిరిగి వస్తాయి. ఆడవాళ్ళలో గర్భసంచి జారడం, షుగరు వల్ల మూత్రాశయం నరాలు మొద్దుబారడం, మగవాళ్ళలో ప్రోస్టేట్ పెరగడం దీనికి కారణాలు. అదే స్కానులో రాళ్ళున్నాయేమో కూడా తెలుస్తుంది. మగవాళ్ళ విషయంలో ఒక మాట, పెద్దాయనకి జ్వరంతో మూత్రం ఇన్‌ఫెక్షన్ వస్తే ప్రోస్టేట్ కూడా వాచిందేమో చూడాలి, కోర్సు ఎక్కువ రోజులు పడుతుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, ఆడైనా మగైనా, ముఖ్యంగా చుట్ట, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్ళకి, అది ఇన్‌ఫెక్షనేలే అని మాత్రలతో కాలం గడపొద్దు, యూరాలజిస్టు చూడాల్సిందే, మూత్రాశయం క్యాన్సర్ అలాగే మొదలవుతుంది.

పైపు ఉన్నవాళ్ళ ఇళ్ళలోవాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. బ్యాగులోంచి పట్టిన శాంపిల్‌కి కల్చర్ చేయించొద్దు. జ్వరం వచ్చి నిజంగా కల్చర్ కావాల్సి వస్తే, పైపు రెండు వారాలు దాటినదైతే మార్చి కొత్త పైపులోంచి పట్టాలి. బ్యాగు ఎప్పుడూ నడుం కంటే కిందనే ఉండాలి, నేలకి తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పైపు ఇంకా అవసరమా అని ప్రతిసారీ అడగండి, ఆస్పత్రిలో వేసి ఇంటికి పంపేసి మర్చిపోయిన పైపులు నేను చూసినన్ని ఎవరూ చూసుండరు.

రాకుండా ఏం చేయాలి అంటే, నిజంగా మంట, జ్వరంతో ఇన్‌ఫెక్షన్లు తరచూ, ఏడాదికి మూడుసార్లో, ఆర్నెల్లలో రెండుసార్లో వచ్చే ఆడవాళ్ళకి నెలసరి ఆగాక అన్నిటికంటే బాగా పనిచేసేది ఈస్ట్రోజెన్ క్రీము, రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. అది లోపల రాసుకునేదే, మాత్ర కాదు, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్ళు మాత్రం వాళ్ళ డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. గైనకాలజిస్టు దగ్గరికి ఈ వయసులో వెళ్ళడమేంటని సిగ్గుపడతారు, తీసుకెళ్ళండి. మెథెనమిన్ అనే మాత్ర ఉంది, యాంటీబయాటిక్ కాదు, రోజూ చిన్న మోతాదులో యాంటీబయాటిక్ వేసినట్టే పనిచేస్తుందని 2022లో బ్రిటన్‌లో చేసిన అధ్యయనంలో తేలింది, దీన్ని గురించి అడగొచ్చు. క్రాన్‌బెర్రీ మాత్రలు తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చే మామూలు ఆడవాళ్ళకి కొంత పనిచేస్తాయి గానీ ఆశ్రమాల్లో ఉండే వృద్ధుల్లో ఉపయోగం కనపడలేదు, మీ అమ్మగారికి నేనైతే వాటి మీద డబ్బు పెట్టను. డి-మానోజ్ (ఒక రకం చక్కెర పొడి) సాచెట్లకి అసలే పెట్టను.

నీళ్ళు. పెద్దావిడలు నీళ్ళు ఎందుకు తాగరో మనకి తెలిసిందే: రాత్రి లేవాలి, మోకాళ్ళు నొప్పి, గుడికి వెళ్తే బాత్‌రూమ్ ఉండదు, బస్సెక్కితే ఇంకా కష్టం. తాగమని దెబ్బలాడేకంటే సాయంత్రం ఆరులోపు ఎక్కువ భాగం తాగించండి, పలచటి మజ్జిగ, బార్లీ నీళ్ళు ఏవైనా సరే, బాత్‌రూమ్‌లో వెస్ట్రన్ కమోడ్, పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టించండి. గుండె వీక్‌గా ఉన్నవాళ్ళకి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర వాడుతూ కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్ళు రోజూ రెండు బోండాలు తాగడం మంచిది కాదు. మంటకి మందుల షాపులో ఇచ్చే సిట్రేట్ సిరప్ ఉంటుంది చూశారా, మంట కాసేపు తగ్గినట్టు ఉంటుంది, కానీ అందులో సోడియం ఉంటుంది, పైగా మూత్రంలో పులుపు తగ్గిపోతే నైట్రోఫ్యురాంటాయిన్, మెథెనమిన్ రెండూ సరిగ్గా పనిచేయవు. యాంటీసెప్టిక్ నీళ్ళతో కడుక్కోవడం కూడా మాన్పించండి, మంట పెరుగుతుంది, మామూలు నీళ్ళు చాలు, ముందు నుంచి వెనక్కి.

మందుల షాపు అన్నాను కాబట్టి ఇంకో మాట, పనమ్మాయిని పంపి "మొన్న ఇచ్చిన మాత్రలే ఇవ్వండి" అని తెప్పించే పద్ధతి ఆపించండి. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్లో రాసుకోవాలి. రాసుకుంటున్నారా అంటే నన్నడక్కండి.

కాబట్టి నెలనెలా కల్చర్ చేయించడం ఈ నెల నుంచి ఆపేయండి. కోర్సు అయ్యాక క్రిమి పోయిందా అని చూసే కల్చర్ కూడా బాధ తగ్గిన మనిషికి అక్కర్లేదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో వచ్చిందని కూడా చేయించొద్దు. అడ్మిట్ చేయమన్న డాక్టరుగారిని గొడవగా కాకుండా ఒక్కటే అడగండి: "రిపోర్టు పక్కన పెడితే, అమ్మలో మీకు ఇన్‌ఫెక్షన్ అనిపిస్తున్న లక్షణం ఏంటి సార్?" ఆయన చూసి చెప్పేది ఏదైనా ఉంటే, మీకు ఫోన్లో తెలియనిది ఆయన చేతికి తగిలి ఉంటే, ఆయన మాటే వినండి, నా మాట కాదు.

అత్యవసరం ఎప్పుడు అంటే: 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి జ్వరం (పెద్దవాళ్ళకి 103 రాకపోవచ్చు, 100 చాలు), ఒళ్ళు వణికేలా చలి, పక్కటెముకల కింద వీపులో ఒక పక్క నొప్పి, వాంతులు, ఊపిరి వేగంగా తీయడం, లేపితే లేవనంత మత్తు, పొద్దున్నుంచి మూత్రమే రాకపోవడం. వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, మీ ఫోన్ కోసం కూడా ఆగొద్దని పనమ్మాయికీ పక్కింటివాళ్ళకీ ముందే చెప్పండి, 108కి చేసి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళిపోవాలి. షుగరున్నవాళ్ళలో కిడ్నీకి పాకిన ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది, అక్కడ ముందు రక్తం కల్చర్‌కి తీసి వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, ఆ రోజు డాక్టర్ మెరోపెనెమ్ అంటే ఒక్క ప్రశ్న కూడా వేయకండి. ఇంట్లో ఒక థర్మామీటర్, గ్లూకోమీటర్ పెట్టి పనమ్మాయికి చూడటం నేర్పించండి. ఈసారి తికమక వస్తే ముందు ఆ రెండూ చూసి, అంకెలు మీకు పంపమనండి. షుగరు 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడాలి, అప్పుడు డాక్టరుకి ఫోను.

పరీక్షలు అయ్యాక సోడియం, క్రియాటినిన్, మిగిలిన మూత్రం ఎంతో, అమ్మగారు వాడే మాత్రల పేర్లన్నీ ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.